వలలో చిల్లుకి సమన్లు

పెద్ద ట్రాలర్లు ఒడ్డు దాకా రావాల్సిందే! వీలైతే వీధుల్లోకి కూడా రావాలి. వద్దని గోలపెట్టేవాళ్ళు అభివృద్ధికి అడ్డం పడేవాళ్ళని నేనెంత మొత్తుకున్నా మీ చెవికెక్కడం లేదు.

ఆలోచించండి. చిన్న పడవవాడు సముద్రం మీదికి పోయి, గంపెడు చేపలు పట్టుకుని, మిగతావి వదిలేసి వస్తాడు. ఎంత బద్ధకం! ట్రాలర్ అలా కాదు. అడుగు నుంచి ఊడ్చుకొస్తుంది. పిల్లచేప, గుడ్లచేప, నాచు, రాయి, ఎవరిదో తెగిన చెప్పు, ఏదీ వదలదు. మన మునిసిపాలిటీ ఇంత శ్రద్ధగా ఒక్క వీధైనా ఊడ్చిందా?

ఒడ్డు నుంచి ఐదు మైళ్ళ లోపల ట్రాలర్లు తిరగకూడదని రూలుందట. ఉంటే? అసలు ఒడ్డెక్కడ? సముద్రం పోటు మీదున్నప్పటి ఒడ్డా, ఆటు మీదున్నప్పటి ఒడ్డా? ఈ ఒక్క ప్రశ్న మీద ఏడేళ్ళుగా కేసు నడుస్తోంది. కొలవడానికొచ్చిన నిపుణుల కమిటీ టేపు తడుస్తుందని వెనక్కి పోయింది. ఈలోగా ఇద్దరు లాయర్లు మేడ మీద మేడ వేశారు. చేపలు తగ్గితేనేం, మేడలు పెరిగాయా లేదా?

ఇంత చక్కగా సాగే కేసుని చెడగొట్టబోయినవాడు ఒకడున్నాడు. ఒక పడవ, ఒక వల, ఒక అత్త, అంతే అతని ఆస్తి. పోయిన నెల ఒడ్డుకి మూడు మైళ్ళలో ఒక ట్రాలర్ అతని వల మీదుగా దూసుకుపోయింది. చాపంత చిల్లు పడింది. ఫొటోలు కోర్టుకి తీసుకెళ్ళి చూపిస్తే ఎదుటి లాయరు, "ఇది ఏ వలో, ఎవరి చిల్లో!" అన్నాడు. జడ్జిగారికి అది సబబుగా తోచి, వలనే తెమ్మని, అందాకా ట్రాలర్లు రాకుండా స్టే ఇచ్చారు. చిల్లు కళ్ళబడితే ఆ స్టే ఉంటుంది. లేకపోతే వాయిదా రోజు సాయంత్రమే పోతుంది.

"ఆ చిల్లే మన సాక్షి. కంటికి రెప్పలా చూసుకో," అన్నాడు అతని లాయరు.

చూసుకున్నాడు పాపం. నెల్లాళ్ళు వేట మానేశాడు. వలని గోనెలో కట్టి అటకెక్కించి, అత్తని ఆ ఛాయలకి రానివ్వలేదు. చిరిగిన వల పక్కన చేతులు ముడుచుకు కూర్చున్న మనిషిని చూస్తే వాళ్ళ వీధంతా నవ్వుతుంది. అత్తకైతే వలలు అల్లడం నలభయ్యేళ్ళ అలవాటు.

వాయిదా రోజు పదింటికే ఇద్దరూ కోర్టు వరండాలో గోనె దించారు. గుమాస్తా విప్పించి, బెంచీ మీద పరిపించి, తలూపి పోయాడు. పన్నెండయినా పిలుపు లేదు. అఫిడవిట్‌కి ఇంకో మూడు జిరాక్సులు కావాలన్నారు.

"అత్తా, కదలకు. వల మీద చెయ్యి వెయ్యకు."

"నేనేమన్నా చంటిపిల్లనా? పోయిరా!"

మొదటి షాపులో కరెంటు లేదు. రెండో షాపులో కాగితం లేదు. అతను తిరిగొచ్చేసరికి మూడున్నర. సంచిలో ఎప్పుడూ ఉండే అల్లికసూది అత్త చేతిలో ఉంది. ఆఖరి ముడి వేసి, దారం పంటితో కొరుకుతోంది. చిల్లు లేదు.

"అత్తా! ఎంత పని చేశావు!"

ఆవిడ వలకేసి చూసింది, అల్లుడి మొహంకేసి చూసింది. "అయ్యయ్యో! పక్కావిడ తన కోడలి సంగతులు చెబుతుంటే వింటున్నాను నాయనా. నా చేతులు నన్నడిగాయా?"

"విప్పెయ్! మళ్ళీ కోసెయ్!"

"కోస్తే నేను కోసినట్టుంటుందిరా. వాళ్ళు చింపినట్టుండదు."

అప్పుడే పిలిచారు.

ఎదుటి లాయరు వలని వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. ఒక్కో కన్నూ వెతికారు. జడ్జిగారు కళ్ళజోడు మార్చి మరీ చూశారు.

"చిరిగిందన్నారు కదమ్మా?"

"చిరిగింది బాబూ. అల్లేశాను."

"ఎందుకల్లావు?"

"అల్లకపోతే వేటకెలా వెళ్తాం?"

దీనికి చట్టంలో సెక్షన్ లేదు. స్టే ఎత్తేశారు. పోతూ పోతూ ఎదుటి లాయరు, "పనితనమంటే మీదేనమ్మా!" అని మెచ్చుకున్నాడు కూడా. అల్లుడు గోనె భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

తీర్పు నూటికి నూరుపాళ్ళూ సరైనదే! మీరూ బుద్ధి తెచ్చుకోండి. మీకెవరైనా అన్యాయం చేస్తే కోర్టువాళ్ళు పిలిచేదాకా దాన్ని అలాగే కాపాడుకోండి. ఇల్లు కూలిస్తే కప్పు వేసుకోకండి. కాలు విరగ్గొడితే కట్టు కట్టించుకోకండి. ఆకలితో మాడిస్తే మెతుకు ముట్టకండి, సాక్ష్యం తారుమారవుతుంది! ఏడేళ్ళు ఆగలేక, బతకాలి కదా అని బాగుచేసుకున్నారా, ఇక మీకేమీ జరగనట్టే.

ట్రాలర్లవాళ్ళకి ఈ చిక్కు లేదు. వాళ్ళు ఇంతవరకూ దేన్నీ బాగుచేసిన పాపాన పోలేదు.