పసుపు, క్లోమం, రెండు కిటికీలు

మానవజాతి సాధించిన ఘనకార్యాలన్నిటిలోకీ గొప్పది, చిటికెడు పసుపుకు కూడా ఒక కార్యాలయం పెట్టుకోవడం.

మా బావగారు తాళాలు బాగుచేస్తారు. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో నోరు తెరవాల్సిందే. ఆయన క్లోమం మాత్రం వాచి, మాట వినడం మానేసింది. ఆసుపత్రిలో పడుకొని వచ్చాక మా అక్క పూటకో గ్లాసు పసుపునీళ్లు పట్టించడం మొదలుపెట్టింది.

"ఇది మంచిదో కాదో తేల్చండి సార్, లోపలంతా పచ్చబడిపోతున్నాను" అని బావగారు డాక్టరుతో మొరపెట్టుకున్నారు.

"తేల్చేవాళ్లు కింది అంతస్తులో ఉంటారు" అన్నాడాయన. అక్క, బావగారు, నేను ముగ్గురం ఆధారాల విభాగానికి దిగాం.

అక్కడ రెండు కిటికీలు. మొదటిది సంప్రదాయానిది.

"మంచిదని ఎవరు చెప్పారు?" అన్నాడు గుమాస్తా.

"నేనేనండీ" అంది అక్క.

"వయసు?"

"నలభై రెండు."

"అరవై దాటాక రండమ్మా. అప్పటిదాకా అది అభిప్రాయం. ఆ తర్వాతే సంప్రదాయం."

(తల నెరిస్తే కొంత మినహాయింపు ఉందట. అక్క రంగేసుకుంటుంది. అదీ పోయింది.)

రెండో కిటికీ శాస్త్రానిది. "ఎలుకల్లో వాపు తగ్గింది. మనుషుల మీద జరిగినవి చిన్న పరీక్షలు, గట్టిగా చెప్పలేం" అంది కళ్లజోడు అమ్మాయి. "ఇంతకీ పేషెంటు ఎలుకా?"

"కాదమ్మా" అన్నారు బావగారు, తప్పు చేసినవాడిలా.

"అయ్యో" అని జాలిపడిందా అమ్మాయి.

కిటికీలు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందుకని మధ్యలో ఒక సమన్వయాధికారిని కూర్చోబెట్టారు. ఆయన టీ తాగుతూ తీర్పు చెప్పాడు: "కూరలో వేసుకోండి. మందుగా వాడాలంటే డాక్టరును అడగండి."

"ఆయనే ఇక్కడికి పంపారు!"

"చూశారా, వ్యవస్థ ఎంత చక్కగా నడుస్తోందో!"

అక్క ఓపిక అక్కడితో సరి. "పసుపు సంగతి దేవుడెరుగు. ఈయనకి పగలు మందులు, సాయంత్రం మందు. మానకపోతే మనిషి దక్కడని పెద్ద డాక్టరే చెప్పాడు. ఆ తాగుడు గురించి ఏ కిటికీలో అడగాలి బాబూ?" అంది. బావగారు పైకప్పు వంక చూశారు.

అధికారి కప్పు కింద పెట్టాడు. "తాగుడు చేటని సంప్రదాయమూ ఒప్పుకుంది, శాస్త్రమూ ఒప్పుకుంది. ఇద్దరూ ఒప్పుకున్న విషయాలకు మా దగ్గర కిటికీ లేదమ్మా."

ఆ సాయంత్రమే బావగారు మానేశారు, పసుపునీళ్లు.

"ఇంకా తేలని వస్తువుతో ఒంటి మీద ప్రయోగాలెందుకు?" అన్నారు, గ్లాసులో సోడా కలుపుకుంటూ.