చక్రాల ఖజానా

కాగితపు డబ్బు చచ్చిపోయిందని ప్లమ్ ఫోర్క్ కౌంటీ బోర్డు చైర్మన్ గార్లండ్ పిట్‌కిన్ గారు ఒక శనివారం పొద్దున్నే ప్రకటించారు. ప్రకటన జరిగింది ఫైర్ స్టేషన్‌లో, పాన్‌కేకుల విందులో. ఆ విందుకి టికెట్లు కాగితపు డబ్బు పుచ్చుకునే ఇచ్చారు. పోయినవాళ్ళకి ఆ మాత్రం మర్యాద ఎక్కడైనా చేస్తారు.

నెబ్రాస్కాలో ఆ మూల గాలి గట్టిది. ఒకడు తుమ్మితే పక్క కౌంటీలో వాళ్ళు దీవిస్తారు. అంత గాలిలోనూ మైకు లేకుండా వినపడే గొంతు చైర్మన్ గారిది.

“మన కౌంటీ ఉద్యోగులు ముసలితనానికని దాచుకున్న ఖాతాల్లో ఏముంది? కాగితాలు. కాగితం తడిస్తే చివికిపోతుంది. బంగారం తడిస్తే మెరుస్తుంది. ఇక మీదట మన రిటైర్మెంట్ ఖాతాల్లో ఉండేది బంగారం.”

జనం ఫోర్కులతో పళ్ళేలు మోగించారు.

ఆ మోగించినవాళ్ళలో ఎమిల్ నోవోట్నీ ఒకడు. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండికి డ్రైవరు. ముప్పై చిల్లర శీతాకాలాలు ఆ బండిలోనే కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ ఏడు తొలి మంచు పడకముందే ఉద్యోగం మానేసి, ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళందరూ వెళ్ళినట్టే తనూ పెళ్ళాన్ని తీసుకుని ఆరిజోనా ఎండలోకి పోదామని అతని ఆశ. అందుకని పడకా పొయ్యీ ఉన్న పాత క్యాంపరు బండి ఒకటి కూడా కొన్నాడు. భార్య లిబ్బీ దానికి కర్టెన్లు కుట్టేసింది. ఇక రిటైర్మెంట్ ఖాతాలో సొమ్ము తీసుకోవడమే తరువాయి.

“తడవకుండా చూసుకుంటే కాగితమూ బానే ఉంటుంది కదయ్యా,” అంది లిబ్బీ, సిరప్ సీసా అందిస్తూ.

“చైర్మన్ గారు చదువుకున్న మనిషి లిబ్బీ.”

“చదివింది కాగితాల మీదేగా.”

తన ఖాతా సొమ్ముని బంగారానికి మార్చమని ఎమిల్ సంతకం పెట్టాడు. అతను పెట్టాడని లైబ్రరీలో పనిచేసే ఓర్వా పెట్టింది. ఓర్వా అంతటిదే పెట్టిందని మిగతా ఉద్యోగులందరూ పెట్టారు.

బంగారం అమ్మే కంపెనీ మనిషి వచ్చి, చిన్న నాణేలు కొంటే మంచిదని, ఎవరివి వాళ్ళకి విడివిడిగా ఉంటాయని చెప్పాడు.

“నాణేలు ఫోటోలో ఆనవు,” అన్నారు చైర్మన్ గారు.

అంచేత అందరి సొమ్మూ పోగేసి ఇటుకంత బంగారు దిమ్మ ఒకటి కొన్నారు. దాన్ని ఎత్తుకుని చైర్మన్ గారు దిగిన ఫోటో పేపర్లో నిజంగానే దివ్యంగా వచ్చింది. ఆ దిమ్మలో ఎవరి వాటా ఎక్కడుందో బంగారానికే తెలియాలి. ఎమిల్ మాత్రం ఫోటోని చాలాసేపు చూసి, ముందువైపు ఎడమ మూల తనదని మనసులో అనుకున్నాడు. అనుకుని ఊరుకోక ఓర్వాతో అన్నాడు. ఆ మూల తనదేనని ఆవిడ ఎప్పుడో అనుకుందట. ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. దిమ్మకి ఉన్నవి ఎనిమిదే మూలలు కావడంతో కౌంటీ ఆఫీసులో ఆ వేసవంతా కాఫీ దగ్గర కూడా ఎవరికి వారే నిలబడ్డారు.

ఇంతలో ఖజానా కంపెనీ నుంచి మిస్ డెలోరిస్ ఫించ్ అనే అధికారిణి దిగింది. దిమ్మని తూర్పున డెలావేర్‌లోని ఖజానాకి పట్టుకుపోవడానికి వచ్చింది.

“బంగారం మీదే,” అందావిడ. “మీ చేతికి మాత్రం రాకూడదు. రిటైర్మెంట్ ఖాతాలో బంగారం సొంతదారు చేతికి వచ్చిందంటే, ఖాతాలోంచి తీసేసుకున్నట్టే లెక్క. మొత్తానికి అప్పటికప్పుడు పన్ను కట్టాలి.”

“చూసుకోడానికైనా వీలుంటుందా అమ్మా?” అన్నాడు ఎమిల్.

“మీ వాటా మా దగ్గర ఉందని పోస్టులో కాగితం పంపిస్తాం.”

కాగితం వచ్చింది. లిబ్బీ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి, “నీ బంగారం వచ్చిందయ్యా. తడవకుండా చూసుకో,” అంది.

ఎండాకాలం ముదిరేసరికి జనంలో సణుగుడు మొదలైంది. దాచిన రుసుము, కాపలా రుసుము, దుమ్ము దులిపిన రుసుము అంటూ ప్రతి నెలా కోతలు పడుతున్నాయి గాని, బంగారాన్ని కంటితో చూసిన పాపాన పోయినవాడు లేడు. నవంబరులో ఎన్నికలు. చైర్మన్ గారి మీద పోటీ చేస్తున్న పశువుల డాక్టరు, తాను కనీసం ఆవుల్ని కళ్ళకి చూపించి మరీ ఫీజు పుచ్చుకుంటానని చెప్పుకు తిరుగుతున్నాడు.

చైర్మన్ గారు తొణకలేదు. కౌంటీ సంత ఊరేగింపులో బంగారాన్ని ఊరేగిస్తామని ప్రకటించారు.

మిస్ ఫించ్ విమానంలో ఎగిరి వచ్చింది. “కుదరదండీ. బంగారం ఖజానాలోనే ఉండాలి.”

“ఉంటుంది. ఖజానాకి చక్రాలుండకూడదని రూల్సులో ఎక్కడైనా ఉందా?”

ఆవిడ మధ్యాహ్నం దాకా రూల్సు చదివింది. ఖజానాకి గోడలుండాలని, తాళముండాలని, ఇన్సూరెన్సు ఉండాలని ఉంది. చక్రాల ఊసు లేదు. ఉక్కు పెట్టె బిగించి, ఒకవైపు మందపాటి అద్దం పెట్టి, మంచు బండిని ఖజానాగా గుర్తిస్తూ బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. మొక్కజొన్న చేల మధ్య నడిచే ఖజానా ప్రపంచంలో ఇదొక్కటేనని చైర్మన్ గారు అన్నారు. ఎవరూ కాదనలేదు.

బండి తోలడానికి ఎమిల్‌ని పిలిచారు. పిలవక తప్పదు. దాని మూడో గేరు అతని మాట తప్ప వినదు.

“కాళ్ళు బాగాలేవండీ,” అన్నాడు ఎమిల్.

“నీ బంగారాన్ని నువ్వే మోసుకుపోయే భాగ్యం ఎంతమందికి పడుతుందోయ్?” అన్నారు చైర్మన్ గారు. ఎమిల్‌కి కళ్ళు చెమర్చాయి.

సెప్టెంబరులో ఊరేగింపు జరిగింది. ముందు స్కూలు బ్యాండు, తర్వాత ట్రాక్టర్లు, తర్వాత బహుమతి గెలిచిన పంది, దాని వెనక ఖజానా. ఉక్కు పెట్టెలో, అద్దం వెనక చైర్మన్ గారు ఒక చెయ్యి దిమ్మ మీద వేసి, రెండో చేత్తో జనానికి అభివాదం చేస్తూ నిలబడ్డారు. రైతులు టోపీలు తీశారు. ఊరేగింపు బళ్ళ మీంచి పిల్లలకి మిఠాయిలు విసరడం అక్కడి ఆనవాయితీ. ఖజానా వస్తుంటే పిల్లలు సంచులు తెరిచి పట్టుకుని వెంట పరిగెత్తారు. ముసలివాళ్ళు కూడా కొందరు పరిగెత్తారు. బండి మాత్రం ఏమీ విసరలేదు. ఎమిల్ గుడ్లబుట్ట నెత్తిన పెట్టుకున్నవాడిలా గోతుల్ని తప్పించుకుంటూ తోలాడు. కొలాచీలనే తీపి బన్నులమ్మే దుకాణం దగ్గర లిబ్బీ కనిపిస్తే హారన్ కొట్టాడు. పెళ్ళినాడు కూడా అంత దర్జాగా లేడని ఆవిడ తర్వాత అంది.

దిమ్మ క్షేమంగా డెలావేర్ తిరిగి వెళ్ళిపోయింది. పశువుల డాక్టరు పోటీ మానుకుని ఆవుల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు.

అక్టోబరు చివర బోర్డు సమావేశానికి ఎమిల్ కోటు తొడుక్కుని, లిబ్బీని వెంటబెట్టుకుని వచ్చాడు. రాజీనామా ఇచ్చి, ఖాతాలో సొమ్ము తీసుకుని, తెల్లారి ఆరిజోనా దారి పడదామని. క్యాంపరు బయట నిలిపే ఉంది. మిస్ ఫించ్ కూడా వచ్చింది.

“ఊరేగింపునాడు ఖజానాని నడిపింది ఎవరు?” అందావిడ.

“నేనేనమ్మా.”

“బండి తాళం?”

“నా దగ్గరే ఉంది.”

“ఆ బంగారంలో మీకు వాటా ఉందా?”

“ఉంది. ముందువైపు ఎడమ మూల.”

“నాది,” అంది ఓర్వా వెనకనుంచి.

“అంటే బంగారం సొంతదారు చేతికి వచ్చేసింది,” అంది మిస్ ఫించ్. “తీసేసుకున్నట్టే లెక్క. పన్ను కట్టాలి.”

“మూల వరకేనా అమ్మా?”

“మూల ఒక్కటే ఊరేగలేదు కదండీ. దిమ్మ మొత్తం ఊరేగింది. పన్ను మొత్తానికి పడుతుంది.”

ఓర్వా గబుక్కున, “ఆ మూల ఆయనదేనండీ. నేనే పొరబడ్డాను,” అంది. మిగతావాళ్ళు తమ వాటాల సంగతి అడిగారు. అవి ఖజానాలో చెక్కుచెదరకుండా ఉన్నాయని మిస్ ఫించ్ ధైర్యం చెప్పింది.

“ఆయన తీసేసుకున్నది మళ్ళీ లోపల ఎలా ఉందమ్మా?” అంది లిబ్బీ.

“లెక్కలో తీశారు. లోపల బంగారం ఉంది. రెండూ వేరు.”

“ఆ పన్ను కట్టాలంటే మా ఇల్లూ క్యాంపరూ అమ్మినా చాలదు.”

చైర్మన్ గారు లేచి వచ్చి ఎమిల్ భుజం మీద చెయ్యి వేశారు. “బెంగపడకు ఎమిల్. కౌంటీ నిన్ను రోడ్డు మీద వదిలెయ్యదు. నీ ఉద్యోగం నీకు ఉంటుంది. బతికున్నంత కాలం ఉంటుంది.”

“చైర్మన్ గారూ,” అంది లిబ్బీ, “ఆయన పట్టుకున్నది తాళం. మీరు పట్టుకున్నది బంగారం. ఊరంతా చూసింది. మరి మీకు పన్ను లేదా?”

మిస్ ఫించ్ కళ్ళద్దాలు సర్దుకుని చైర్మన్ గారి వైపు తిరిగింది. చైర్మన్ గారు కొంచెం సిగ్గుపడ్డారు. తన మంచితనాన్ని తానే చెప్పుకోవలసి వచ్చినప్పుడు పెద్దవాళ్ళకి కలిగే సిగ్గు అది.

“సొంతదారు పట్టుకుంటేనే కదమ్మా పన్ను. అందులో నాకు వాటా లేదు.”

“అసలేమీ లేదా?”

“నాకెందుకు? ఇరవై ఏళ్ళు రాష్ట్ర రోడ్ల శాఖలో చేశాను. ఒకటో తారీఖున పెన్షన్ చెక్కు వస్తుంది.”

మందుల షాపు యజమాని లేచి నిలబడ్డాడు.

“ఇంతమంది బంగారం చేతి కింద పెట్టుకుని, తనకని గోరంత ఉంచుకోని మనిషి,” అని చప్పట్లు మొదలుపెట్టాడు. గది గదంతా లేచింది. ఎమిల్ కూడా లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ లేచినప్పుడు తానొక్కడే కూర్చోవడం అతనికి అలవాటు లేదు. లిబ్బీ కూర్చునే ఉంది.

చప్పట్లు ఆగాయి. అందరూ కూర్చున్నారు. ఎమిల్ మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు.

చైర్మన్ గారు కళ్ళు తుడుచుకుని, సభ తర్వాతి అంశంలోకి దిగారు.

“లేచే ఉన్నావు గనక నువ్వే చెప్పు ఎమిల్. ఈ ఏడు మంచు బండికి ఏ టైర్లు వేయిద్దాం?”