మూడో సీటులో మాయా తువ్వాలు

ఫాంటసీ కథ ఎలా రాయాలో నేర్పే విశ్వవిద్యాలయం భూమ్మీద ఒక్కటే ఉంది. అది నంద్యాల బస్టాండు!

నవ్వకండి. తొమ్మిదేళ్లుగా ఒక వారపత్రికలో రాకుమారుడి సీరియల్ రాస్తున్నవాణ్ణి, నాకు తెలియదా? మావాడు ఏడు సముద్రాలు దాటాలి. ప్రస్తుతం రెండో సముద్రం గట్టున ఉన్నాడు. ఇంత అనుభవంతో చెబుతున్నాను, ఫాంటసీకి కావలసినవి రెండే. పాత్రకు ఒక కోరిక ఉండాలి, అది తీరడానికి ఒక అవకాశం దొరకాలి. మిగతాదంతా, రెక్కల గుర్రంతో సహా, అలంకారమే.

ఇప్పుడు ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగిందనుకోండి. కోరిక, సీటు. అవకాశం, తెరిచిన కిటికీ. డోరు దగ్గర తోసుకునేవాళ్లు మామూలు మనుషులు. కిటికీలోంచి తువ్వాలు విసిరినవాడు మాంత్రికుడు! వాడింకా నేలమీదే ఉంటాడు, వాడి రాజ్యం మాత్రం లోపల వెలుస్తుంది. ఈ పద్ధతి ప్రయాణికులకు పట్టిన శని అని కొందరు విసుక్కుంటారు. పాపం, వాళ్లకు కథ అల్లడం తెలియదు.

పోయిన నెల సంజీవయ్య అనే పెద్దమనిషిని చూశాను. ఇంటిల్లిపాదీ ఆరుగురు. తువ్వాలు ఒక సీటుకు, గొడుగు ఒక సీటుకు, చెప్పులు విడివిడిగా రెండు సీట్లకు, మహానంది అరటిపళ్ల సంచి అయిదో సీటుకు. మరి ఆరో సీటుకు? కట్టుడు పళ్లు తీసి కిటికీలోంచి పెట్టేశాడు! ఆ సీటు దరిదాపులకు ఒక్కడూ రాలేదు. ఎక్కడికని కండక్టరు అడిగితే, బోసినోటితో "ఆళ్లగడ్డ" అని పలకలేక, దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. కోరిక కోసం హీరో త్యాగం చెయ్యాలంటారే, ఇంతకంటే ఏం చేస్తాడండీ?

ఇక నా సంగతి. మొన్న మంగళవారం ఆళ్లగడ్డలో నా ఉపన్యాసం. అంశం, 'ఫాంటసీలో పాత్రల కోరికలు, అవకాశాలు'. నా ఎర్రంచు తువ్వాలు మూడో సీటులోకి విసిరి, ధీమాగా టీ తాగడానికి వెళ్లాను. అక్కడ మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. కోరిక! అవకాశం! రెండో బజ్జీ సగంలో ఉండగా బస్సు వెళ్లిపోయింది.

నేను తర్వాతి బస్సులో నిలబడి వెళ్లాను. నా తువ్వాలు మాత్రం ముందు బస్సులో కూర్చుని వెళ్లింది.

ఆ బస్సులో జరిగిందంతా నాకు కృపావతి చెప్పింది. గడివేములలో టీచరు. నా ఉపన్యాసం వినడానికే వస్తూ, సీటు దొరక్క నిలబడింది. ఆమె పక్కనే రామేశ్వరమ్మ అని ఒక ముసలామె, మోకాళ్ల నొప్పులతో కమ్మీ పట్టుకుని వేలాడుతోంది.

"ఎవురిదప్పా ఈ టువ్వాల?" కండక్టరు అరిచాడు.

"ఎవురో ఒకాయనది. వస్తాడులే," అన్నాడు వెనక సీటాయన.

"బస్సు పోతాంది గదప్పా! యాడ్నుంచి వస్తాడు?"

"టువ్వాల ఏసినాడు గదన్నా. రాకుండా యాడికి పోతాడు?"

శిరివెళ్లలో బస్సు ఆగితే, కొందరు కిటికీల్లోంచి ఆకాశంలోకి కూడా చూశారట! చూశారా, ఒక్క గుడ్డముక్కతో బస్సెడు జనానికి ఫాంటసీ చెప్పాను. రామేశ్వరమ్మ సైతం "పాపం, ఆ బిడ్డ వస్తే కూచోను సీటు ఉండల్ల గదా" అంటూ ఆళ్లగడ్డ దాకా నిలబడే వచ్చిందట.

ఉపన్యాసం అయ్యాక కృపావతి తువ్వాలు మడతపెట్టి తెచ్చిచ్చింది.

"నాదని నీకెట్ల తెలుసమ్మా?"

"పత్రికలో మీ ఫొటోలో, భుజమ్మీద ఉండేది ఇదే గద సార్."

"మరి తీసేసి ఆ అవ్వనన్నా కూచోబెట్టకపోయినావా?"

"మీ సీటు గద సార్. మీరు చెప్పకుండా ఎట్ల తీసేది?" అంటూనే అడిగింది. "నా కథ చదివినారా సార్?"

చదవలేదు. ఎనిమిది నెలల కిందట ఇచ్చింది, నా సంచిలోనే ఉంది. పత్రికలో ఫాంటసీకి ఒక్కటే పేజీ. సార్ సీరియల్ అయిపోతే మీది వేస్తామని ఎడిటరు ఆమెకు చెప్పాడు. నేనేమో నాలుగు నెలలుగా ఒక్క అక్షరం రాయలేదు. ప్రతి వారం ఆ పేజీలో తువ్వాలుతో నా ఫొటో, కింద 'అనివార్య కారణాల వల్ల ఈ వారం సీరియల్ ఇవ్వలేకపోతున్నాం' అన్న ముక్క, మిగతాదంతా తెల్లకాగితం. పాఠకులు కూడా మంచివాళ్లే. వస్తాడులే అని చూస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆమె కథ చదివాను. వీధి దీపాలు తుడిచే పిల్ల ఒకతి చంద్రుణ్ణి తుడవాలనుకుంటుంది. అంత పొడుగు నిచ్చెన ఒక రాక్షసుడి పెరట్లో మాత్రమే ఉంది. వాడు దానిమీద బట్టలారేసుకుంటాడు. నాకు ఒళ్లు మండింది. ముందు ఆమె మీద, ఇంత బాగా రాసినందుకు. ఆ తర్వాత నా మీద.

ఎడిటర్ రాజశేఖర్‌కు ఫోన్ చేసి, నా ఫొటో తీసేసి పేజీ కృపావతికి ఇమ్మన్నాను.

"మరి మీ రాకుమారుడు, అన్నా? సముద్రం గట్టున అట్లే నిలబడుకోని ఉన్నాడు గదా!"

"నిలబడనీలే అప్పా! మోకాళ్ల నొప్పులతో ఒక అవ్వ నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నిలబడింది. వానికేం రోగం?"