ముందు కుర్చీ మర్యాద

ఆ పొద్దున గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియంలోని పాతకాలపు ప్రయాణికుల విమానంలో నలుగురిని కూర్చోబెట్టాలి, డైరెక్టరుగారు చూసి ముచ్చటపడాలి, తన తాత్కాలిక ఉద్యోగం ఖాయం కావాలి. ప్రయాణికులుగా పెట్టాల్సిన బొమ్మలు వేళకు రాకపోవడంతో అత్తవారి బలగమే దిక్కయింది.

ఆ విమానం తోక నేలకు ఆనించి, ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. ముందుకు బోర్లా పడకుండా ముక్కు కింద ఓ చిన్న చక్రం గాలిలో వేలాడుతూ ఉంటుంది. లోపల ప్రయాణికులకు పేము కుర్చీలు. పైలటుకు మాత్రం, పాపం, కప్పుమీద ఎండావానల్లో తొట్టిలాంటి సీటు. ఆ రోజుల్లో మనుషుల్ని కూడా కాటా ఎక్కించి, బరువు చూసి కుర్చీ ఇచ్చేవారు. ముందు బరువు పెరిగితే ముక్కు కిందికి దిగిపోతుంది మరి. ఆ లెక్కనే గైడు అత్తగారిని వెనక కుర్చీలో కూర్చోబెట్టి, తాను పైలటు టోపీ పెట్టుకుని పైకెక్కాడు.

"అల్లుడుగారూ! పెద్దదాన్ని, నన్ను మూలకు తోశారేం?" కిందినుంచి అత్తగారి గొంతు.

"మూల కాదండీ, అక్కడైతే... హాయిగా ఉంటుందని."

'బరువు కోసమండీ' అని అత్తగారితో అనే ధైర్యం ఏ అల్లుడికుంది? అదే కొంప ముంచింది.

"అంత హాయైతే మా అబ్బాయిని కూర్చోబెట్టండి" అంటూ ఆవిడ లేచొచ్చి అందరికంటే ముందు కుర్చీలో కూలబడింది. "అక్క ముందుంటే నేను వెనకా?" అని ఆవిడ చెల్లెలు పక్కన చేరింది. భార్యకు దూరంగా కూర్చుంటే ఇంటికెళ్లాక ఏమవుతుందో తెలిసిన మామగారూ వాళ్ల వెంటే నడిచారు. బక్కపలచని బావమరిది ఒక్కడే తోక దగ్గర మిగిలాడు.

విమానం కిర్రుమంది. తోక మెల్లగా నేల వదిలింది.

"అత్తయ్యగారూ, వెనక్కి! కాస్త వెనక్కి రండి!"

"మళ్లీ వెనక్కేనా? చచ్చినా రాను!"

ముక్కు కింది చిన్న చక్రం దబ్బున నేలను తాకింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు హాలు తలుపు తీశారు. తొట్టి అంచు పట్టుకుని వేలాడుతున్న గైడు తన ఉద్యోగానికి నీళ్లొదులుకున్నాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండి. క్షమించండి. ఇప్పుడే దింపేస్తాను."

"దింపుతావా? ఎగిరేటప్పుడు ఇలాగే తిన్నగా ఉండేదయ్యా ఇది! ఇలా నిలబెట్టడం కుదరదని ఇంజనీర్లు ఇన్నేళ్లూ నన్ను తిప్పించుకున్నారు. ఒక్క పూటలో ఎలా సాధించావు?"

కిటికీలోంచి తల బయటపెట్టిన అత్తగారి కేసి గైడు చూశాడు. "అంతా అత్తయ్యగారి చలవండి."

"రేపట్నుంచి నువ్వు పర్మనెంటు. తోక కింద పెట్టడానికి స్టాండు చేయిస్తాను. అందాకా ఎవరూ కదలకండి!"

గైడుకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా ఊపిరి వదలబోయి, విమానం ఎక్కడ కదులుతుందోనని నెమ్మదిగా వదిలాడు.

అలా అల్లుడి ఉద్యోగం ఖాయమైంది. స్టాండు వచ్చేదాకా అత్తగారిది కూడా.