రాత్రికి అండగా షట్టర్

“రాత్రి ఒంటరిది కాదు. రాత్రి వెనక ప్రభుత్వం ఉంది” అని మంత్రిగారు పగలు పదకొండు గంటలకు ప్రకటించారు.

కరోనా రెండో ఏడాది అది. రాత్రి పది నుంచి తెల్లారి ఆరు దాకా కర్ఫ్యూ. పబ్బులు, క్లబ్బులు, పాటలు పెట్టే హోటళ్లు మూతపడి నైట్ లైఫ్ రంగం దెబ్బతిన్నదని, దాన్ని నిలబెట్టడానికి ‘నిశోదయం’ అనే పథకం తెస్తున్నామని మంత్రిగారు చెప్పారు. కర్ఫ్యూ ఎత్తేస్తారా అని ఒక విలేకరి అడిగాడు. కర్ఫ్యూ జోలికి పోకుండానే నైట్ లైఫ్‌ను నిలబెట్టడం ఈ పథకం ప్రత్యేకత అని మంత్రిగారు వివరించారు. ప్రతి జిల్లాలోనూ కనీసం ఒక లబ్ధిదారు ఉండి తీరాలని కలెక్టర్లకు ఉత్తర్వులు వెళ్లాయి.

కడప జిల్లాకు జయకుమార్‌ను నోడల్ ఆఫీసర్‌గా వేశారు. ఆయన అప్పటిదాకా చేపల శాఖలో ఉన్నారు. నీళ్లు లేని చోట చేపలను చూసుకున్న మనిషి, నైట్ లైఫ్ లేని చోట నైట్ లైఫ్‌ను చూసుకోగలడని పైవాళ్లు నమ్మారు.

ఆయన నాలుగు రోజులు తిరిగారు. కడపలో పబ్బు దొరకలేదు. బద్వేలులో క్లబ్బు ఉందంటే పోయి చూశారు. పోలీసులు దాన్ని నిరుడే పేకముక్కలతో సహా ఎత్తుకుపోయారు. చివరికి రాజంపేట రోడ్డులో, ఒంటిమిట్ట దాటినాక, ఒక రేకు బోర్డు కనబడింది. ‘ఫిరోజా నైట్ హోటల్’ అని రాసుంది. జయకుమార్ జీపు ఆపించారు. బోర్డు మీద ‘నైట్’ అన్న మాట ఉంది. జిల్లా పరువు నిలబడింది.

ఫిరోజా ఆ హోటలును పద్దెనిమిదేళ్లుగా నడుపుతోంది. పొద్దుగూకి పొయ్యి ముట్టిస్తే తెల్లారి ఆర్పేది. మంగంపేట ముగ్గురాయి లారీలు, కడప బండల లారీలు అక్కడ ఆగేవి. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. పగలు అవే బెంచీల మీద ఆమె నిద్రపోయేది. హోటలుకు రెండు పక్కలా గోడలున్నాయి. వెనక ఈతాకు తడిక. ముందర ఏమీ లేదు. రాత్రి మూసే పని లేదు, పగలు తనే ఉంటుంది, ఇంక తలుపెందుకని పెట్టించలేదు.

కర్ఫ్యూ వచ్చిన రోజు ఎస్.ఐ. వచ్చి మూయమన్నాడు.

“మూసేదానికి తలుపు యాడుండాది సార్?” అంది ఫిరోజా.

ఎస్.ఐ. హోటలు చుట్టూ తిరిగి చూశాడు. పొయ్యి ఆర్పితే మూసినట్టే అని తేల్చాడు.

ఆమె ఆర్పింది. లారీలకు కర్ఫ్యూ లేదు. అవి పోతూనే ఉన్నాయి. హోటలు దగ్గరికి రాగానే డ్రైవర్లు స్లో చేసి, హారన్ కొట్టి, లోపల చీకటి చూసి, పోయేవాళ్లు. మొదట్లో అందరూ కొట్టారు. రాను రాను హారన్లు తగ్గాయి. చీకట్లో బెంచీ మీద కూర్చుని వినే ఫిరోజాకు అదే దిగులు. డ్రైవరు ఒకసారి వేరే చోట చేయి కడిగితే మళ్లీ ఇటు తిరగడు. రాత్రి పొయ్యి ముట్టించుకోనిస్తే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

జయకుమార్ బెంచీ మీద కూర్చుని పెన్ను తీశారు.

“మ్యూజిక్ ఉందామ్మా?”

“రేడియో ఉండాది సార్. బ్యాటరీలు లేవు.”

“డ్యాన్స్ ఫ్లోరు?”

ఫిరోజా ముందున్న మట్టి జాగా వైపు చేయి చూపింది. “లారీలు తిప్పుకునే జాగా అది.”

ఆయన ‘ఉంది, ఆరుబయట’ అని రాసుకున్నారు. “కస్టమర్లు ఎక్కడి నుంచి వస్తారు?”

“బళ్లారోళ్లు, నెల్లూరోళ్లు. మద్రాసుకు పొయ్యే బండ్లు శానా వస్తాయి.”

ఆయన ‘అంతర్రాష్ట్ర పర్యాటకులు’ అని రాసుకున్నారు. పెన్ను మూసి లేచారు.

“ఇంగ రాత్రి ముట్టించుకోమంటారా సార్, పొయ్యి?”

“ప్రభుత్వం మీ వెనకే ఉందమ్మా.”

“వెనక తడిక ఉండాది సార్. ప్రభుత్వాన్ని ముందరికి రమ్మనండి.”

జయకుమార్ ఈ సూచనను కూడా పైకి పంపుతానన్నారు.

పదిహేను రోజులకు నిబంధనలు సడలించారు. నైట్ లైఫ్ సంస్థలు ఇకమీదట పూర్తి స్థాయిలో నడుపుకోవచ్చు. వేళలు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు. మరో వారానికి ఒక సవరణ వచ్చింది. పగటి వేళ నడిపినా రాత్రి వాతావరణం చెడకూడదు. వెలుతురు కనబడరాదు.

నల్ల పట్టలు తెచ్చి చుట్టూ కట్టించినవాడు ఓబుళేశు. అతను అధికార పార్టీ మండల నాయకుడు. మంత్రిగారిని ‘అన్న’ అంటాడు. మంత్రిగారు అతన్ని ఇంకా ఏమీ అనలేదు. బయట మేనెల ఎండ. లోపల ఒక బల్బు, పొయ్యి, ఫిరోజా. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ సంగటి కెలికింది.

మూడో రోజు అయ్యన్న లారీ ఆగింది. బళ్లారి మనిషి, పదేళ్ల నుంచి వస్తున్నాడు. నల్ల పట్ట ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

“అక్కా, ఇంట్లో ఏమన్నా జరిగిండాదా? ఈ నల్లగుడ్డలేంది?”

“ఏమీ జరగలేదు. ప్రభుత్వం రాత్రి చేసినాది. కూచో.”

అయ్యన్న కూర్చుని సగం ముద్ద తిన్నాడు. చెమట పళ్లెంలో పడుతోంది. “మిట్టమధ్యాన్నం ఇది తింటే స్టీరింగ్ మీదనే పడుకుంటానక్కా. రాత్రయితే నిద్ర పోగొట్టేదానికి తింటాంటి. రాత్రి ముట్టించినప్పుడు చెప్పు, వస్తా” అని చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత లారీలు ఆగలేదు. ఓబుళేశు మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి, పులుసు రుచి చూసి, ఆ చీకట్లో సాయంత్రం దాకా నిద్రపోయేవాడు. నైట్ లైఫ్‌లో స్థానికుల భాగస్వామ్యం పెరుగుతోందని జయకుమార్ నివేదిక పంపారు.

అప్పుడు నిపుణుల కమిటీ కూర్చుంది. నైట్ లైఫ్ సంస్థల మీద పడిన కేసులన్నీ వేళకు మూయకపోవడం వల్ల పడినవేనని కనిపెట్టింది. మూసే వసతి కల్పిస్తే ఈ రంగం కష్టాలు తీరుతాయని చెప్పింది. ఆ శుభవార్త మోసుకొని జయకుమార్ స్వయంగా వచ్చారు.

“మీకు షట్టర్ శాంక్షన్ అయిందమ్మా. జిల్లాలో మీ ఒక్కరికే.”

“నేను తెరుచుకుంటానని అడిగితే, మూసేది ఇస్తాండారే సార్?”

“షట్టర్ ఉంటేనే కదమ్మా తెరవడం. ఇప్పుడు మీ దగ్గర తెరవడానికి ఏముంది?”

ఫిరోజా ఆలోచించింది. ఆయన అన్నదాంట్లో తప్పు కనబడలేదు. ఆఫీసర్లతో మాట్లాడినప్పుడల్లా ఆమెకు అట్లాగే అయ్యేది.

నల్ల పట్టలు విప్పేశారు, షట్టర్ వచ్చింది. దాని మీద నిండుగా మంత్రిగారి బొమ్మ, చేయి ఊపుతూ. బిగించినవాళ్లు ఎత్తి చూపించారు. పైకి ఎత్తుతుంటే మొదట మంత్రిగారి తల చుట్టలోకి పోయింది, తర్వాత ఊపే చేయి, చివర చెప్పులు. చూస్తున్న ఓబుళేశు మొహం మాడింది.

“ఇది బాగలేదు సార్. అన్న తల చుట్టుకుపోతాంది.”

“దించితే వస్తుంది కదా” అన్నారు జయకుమార్.

దించారు. చెప్పులు వచ్చాయి, చేయి వచ్చింది, ఆఖరికి తల వచ్చి నవ్వింది. ఓబుళేశు ఊపిరి పీల్చుకున్నాడు. ప్రారంభోత్సవం అంటే దించడమే అని అక్కడే ఖాయమైంది.

పది గంటలకు ప్రోగ్రాం పెట్టారు. పొద్దున తొమ్మిదికే జనం వచ్చారు, డప్పులు వచ్చాయి, ఫ్లెక్సీలు లేచాయి. మంత్రిగారికి అహోబిలం దర్శనంలో ఆలస్యమైంది, తర్వాత దారిలో మూడు పెండ్లిళ్లు తగిలాయి. కాన్వాయ్ రాజంపేట రోడ్డెక్కేసరికి రాత్రి పదిన్నర.

“కర్ఫ్యూ కదా సార్, ఏం చేద్దాం?” అని ఎస్.ఐ. గొంతు తగ్గించి అడిగాడు.

“పదింటి ప్రోగ్రామని పోయిన వారమే రాసుకున్నాం” అన్నారు జయకుమార్. “ఇప్పుడు పదిన్నర. అరగంట లేటు. అంతే.”

మంత్రిగారు సంగటి తింటారు, పొయ్యి ముట్టించమని ఓబుళేశు పరుగెత్తుకొచ్చాడు. ఫిరోజా రెండోసారి చెప్పించుకోలేదు. కట్టెలు అంటుకున్నాయి. బల్బులు వెలిగాయి. ఆమె తెడ్డు పట్టుకుని నిలబడింది.

మంత్రిగారు దండలు వేయించుకుంటుండగా రోడ్డు మీద ఒక లారీ స్లో అయింది. హారన్ మోగింది. అయ్యన్న దిగాడు. “ముట్టించినావా అక్కా?” అంటూ బెంచీ లాక్కున్నాడు. వెనక ఇంకొకటి ఆగింది. దాని వెనక ముగ్గురాయి లారీలు వరసగా ఆగాయి. ముద్ద మీద ముద్ద దిగుతోంది. మంత్రిగారు ఏం మాట్లాడుతున్నారో ఫిరోజా వినలేదు. ఆమె ఎవరికి పులుసు తక్కువైందో చూస్తోంది.

“చూడండి” అన్నారు మంత్రిగారు, చేతిలో ముద్దతో, లారీల వైపు తిరిగి. “రాత్రిని తెస్తామన్నాం. తెచ్చామా లేదా?”

తెచ్చారని జనం ఒప్పుకున్నారు.

తర్వాత ఆయన చేయి కడుక్కుని, రిబ్బన్ కత్తిరించి, షట్టర్ కిందికి లాగారు. చెప్పులు, చేయి, తల. చప్పట్లు మోగాయి. ఓబుళేశు తాళం వేసి దానికి కూడా దండ వేశాడు. ఫిరోజా బయట లారీలవాళ్ల మధ్య ఉంది. పొయ్యి, సంగటి గుండిగ, పులుసు లోపల ఉండిపోయాయి. మంత్రిగారి చెప్పుల కింద సందులోంచి పొగ వచ్చింది. ఫొటోగ్రాఫరు అది సాంబ్రాణి అనుకుని ఇంకో ఫొటో తీశాడు.

కాన్వాయ్ కదలగానే ఎస్.ఐ. విజిల్ వేశాడు. “కర్ఫ్యూ, కర్ఫ్యూ. కదలండప్పా.”

“అక్కా, రెండో ముద్ద?” అన్నాడు అయ్యన్న, ఖాళీ పళ్లెంతో.

“ఉండాది. లోపల.” ఫిరోజా ఓబుళేశు వైపు తిరిగింది. “తాళంచెవి ఇట్ల ఇయ్యప్పా.”

“తెరిస్తే అన్న తల చుట్టుకుపోతాది అక్కా. ఆ పని నా చేత్తో నేను చేయలేను.”

“నా గిన్నెలు ఉండాయి ఓబుళేశా లోపల.”

“ఉండనీ. ప్రభుత్వ షట్టర్ అది. ఎవరూ ఎత్తుకపోరు.” తాళంచెవి జేబులో వేసుకుని బండి ఎక్కాడు.

జనం పోయారు. ఫిరోజా షట్టర్ ముందు కొంచెంసేపు నిలబడింది. మంత్రిగారు ఆమెకు చేయి ఊపుతూనే ఉన్నారు. ఆమె పక్క గోడ చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. అయ్యన్నను పిలిచింది. ఇద్దరూ చెరో కొస పట్టి ఈతాకు తడికను పీకి పక్కన పెట్టారు. సంగటి ఇంకా వేడిగానే ఉంది.

మరుసటి రాత్రి నుంచి హోటలు వెనక నుంచి నడిచింది. రోడ్డు మీది నుంచి చూస్తే షట్టర్, తాళం, మంత్రిగారు. లారీలు హారన్ కొట్టి, గోడ పక్కన మలుపు తీసుకుని, వెనక బీడులో ఆగేవి. మూడో రాత్రి ఎస్.ఐ. వచ్చాడు. తాళం మీద టార్చి వేసి చూసి, ‘మూసి ఉన్నది’ అని రాసుకుని, నడుచుకుంటూ హోటలు వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

“మూసినావు కదా ఫిరోజాబీ?”

“మూసినాను సార్. మీరే చూసి వస్తాండారు.”

“మంచిది. పులుసు ఇంగ కొంచెం పోయ్.”

ఆ నెల నివేదికలో కడప జిల్లా రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కర్ఫ్యూ అమలు నూటికి నూరు. నైట్ లైఫ్ పునరుద్ధరణ నూటికి నూరు. రెండూ ఒకేచోట ఎట్లా కుదిరాయని మిగతా జిల్లాలు ఆశ్చర్యపోయాయి. కర్నూలు నుంచి ఒక బృందం వచ్చి, రోడ్డు మీదే నిలబడి, షట్టర్‌కు ఫొటోలు తీసుకుని పోయింది. మంత్రిగారు దానికి ‘కడప మోడల్’ అని పేరు పెట్టారు.

ఒక సాయంత్రం జయకుమార్ వెనక వైపు నుంచే వచ్చారు. దారి ఎవరు చెప్పారో ఫిరోజా అడగలేదు. ముద్ద పెట్టింది. ఆయన నిదానంగా తిన్నారు. ఊరిబిండి మళ్లీ వేయించుకున్నారు.

“మీ హోటలు గురించి అసెంబ్లీలో చెప్పారమ్మా. వ్యాపారం ఇంతగా పుంజుకున్నదంటే అంతా షట్టర్ మహిమేనని కమిటీ తేల్చింది.”

“రాత్రి తెరుచుకోమన్నారా అయితే?”

“అంతకంటే మంచి వార్తే తెచ్చాను.”

ఆయన చేయి కడుక్కుని, తుడుచుకుని, జేబులోంచి కొలిచే టేపు తీశారు. ఒక కొస ఆమె చేతికిచ్చారు. తడిక ఉండిన చోట ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచారు.

“ముందరి సైజే” అన్నారు సంతోషంగా. “ఈసారి ముఖ్యమంత్రిగారి బొమ్మ.”

ఫిరోజా ఒక చేత్తో టేపు కొస గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పక్క గోడను తట్టి చూసింది.