డ్రమ్మరు వాయించని ఆల్బమ్

ఆ పొద్దున డ్రమ్మరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పేపరు తెరవాలి, తిట్లు చదవాలి, ముసుగుతన్ని మళ్లీ పడుకోవాలి. ఏ కంపెనీ అండా లేని ఆ నలుగురి రాక్ బ్యాండు ఆర్నెల్లు కష్టపడి తెచ్చిన మొదటి ఆల్బమ్ మీద ఆ రోజే సమీక్ష. "నీ తాళం తప్పిందని ఒక్కడన్నా రాస్తే, నీ చోట ఇంకొకడు కూర్చుంటాడు" అని గాయకుడు ముందే చెప్పి ఉంచాడు.

సమీక్ష చదివి డ్రమ్మరు మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. 'పాటలు నీరసం. గాయకుడు అరిచాడు. ఆల్బమ్‌ను నిలబెట్టింది డ్రమ్మరు ఒక్కడే. మూడో పాట నడుమ ఉన్నట్టుండి ఆగిపోతాడే, ఆ నిశ్శబ్దానికి చేతులెత్తి మొక్కాలి!'

తాను ఎక్కడా ఆగినట్టు అతనికి గుర్తులేదు. ఆ బ్యాండులో ఎవరికి వారు తమ వాయిద్యం మాత్రమే వింటారు. డ్రమ్మరుకు అదీ లేదు, భయంకొద్దీ అసలే వినడు. ఆల్బమ్ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ కుట్టు దుకాణం వెనక గదే వాళ్ల స్టూడియో.

మూడో పాట మొదలవగానే పెద్దమ్మ కత్తెర కింద పెట్టింది.

"ఒరేయ్, ఇది నా మిషనేరా!"

"ఊరుకో పెద్దమ్మా, డ్రమ్సది."

"ముప్పై ఏళ్లుగా తొక్కుతున్నా, నా మిషను చప్పుడు నాకు తెలీదూ? ఇదిగో, ఇక్కడ ఆగిందా? బాబిన్‌లో దారం అయిపోయింది. ఆ రోజు ఆసుపత్రి వాళ్ల దిండు గలీబులు కుడుతున్నా."

అప్పుడు వెలిగింది. రికార్డింగు రోజు తన దెబ్బలకు శబ్దం పగిలిపోతోందని మైకును దూరం జరుపుతూ, జరుపుతూ, గోడ అవతల మిషను పక్కన పెట్టి వచ్చింది తనే.

ఇంతలో గాయకుడు ఫోన్ చేశాడు. "శనివారం సాయంత్రం టౌన్ హాల్లో మన కచేరీ. ఆ సమీక్ష రాసిన విమర్శకుడు ముందు వరసలో కూర్చుంటాడట. నువ్వొక్కడివే పావుగంట వాయించాలట. నీ మొహానికి!"

"పెద్దమ్మా, నిజం తెలిస్తే నన్ను గెంటేస్తారే!"

"ఏడవకు. తెర వెనక కూర్చుంటాలే. కానీ ఉత్తినే తొక్కను. బడి చొక్కాలు అరవై ఇవ్వాలి, అవి కుట్టుకుంటా."

శనివారం డ్రమ్ముల మీద నల్ల దుప్పటి పరిచి డ్రమ్మరు కర్రలు ఊపాడు. తెర వెనక మిషను, దాని ముందు మైకు. మొదటి రెండు చొక్కాలు అద్భుతంగా నడిచాయి. ఆ ఆనందంలో అతను ముక్కు గోక్కున్నాడు. తాళం ఆగలేదు. హాలంతా లేచి నిలబడింది. కంగారుపడి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. తాళం ఆగకపోగా జోరందుకుంది. ఇక లాభం లేదని కర్రలు అందుకుని ప్రాణం పెట్టి ఊపుతుండగా టక్కున ఆగిపోయింది.

అంతటా నిశ్శబ్దం. విమర్శకుడు పరవశంతో కళ్లు మూసుకున్నాడు.

"కాస్త ఉండరా, దారం ఎక్కించుకుంటున్నా!" అంది తెర.

మర్నాడు మిగతా ముగ్గురూ దుకాణానికి వచ్చారు. డ్రమ్మరు గుడ్డ తానుల వెనక నక్కాడు.

"పిన్నిగారూ," అన్నాడు గాయకుడు ఎన్నడూ లేని వినయంతో, "వాడి చోట మీరు రావాలి."

"దానికేం, వస్తా నాయనా. కానీ వాడూ ఉండాలి. గుడ్డ అవతలి కొస ఎవరు పట్టుకుంటారు?"

"అలాగేనండీ."

"ఇంకోటి. నువ్వు అరిచినప్పుడల్లా నా కుట్టు వంకర పోతోంది. అది మానెయ్యాలి."

గిటారు వాయించే అతను, బేసు వాయించే అతను ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

రెండో ఆల్బమ్‌లో గాయకుడు అట్ట మీది ఫొటోలో మాత్రమే ఉన్నాడు. అతని గొంతు ఇన్నాళ్లకు పరిణతి సాధించిందని విమర్శకుడు రాశాడు.