కూర్మయ్య బడిలో రెండో పరీక్ష

ఒక పెద్ద అడవిలో అనగానే ఎంత పెద్దది అని అడుగుతారు పిల్లలు. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్ళు "చిరంజీవ" అనేసరికి పొద్దుగూకేంత పెద్దది.

అంత అడవికి శత్రువులూ అంతమందే. అందుకని పెద్దలు ఏనాడో కట్టుదిట్టం చేశారు. చుట్టూ ముళ్ళకంప. కంప వెయ్యడానికి వీల్లేని చోట కాళ్ళు కూరుకుపోయే జిగురు బురద. అదీ దాటి వచ్చినవాణ్ణి ముందు చీమలు పట్టుకుంటాయి. చీమలకి విచారణలూ వాయిదాలూ లేవు. కొత్త వాసన తగిలితే కుట్టడమే. చీమల వల్ల కానప్పుడు కావలివాళ్ళు దిగుతారు. వాళ్ళు ఒక్కసారి ఒక శత్రువుని చూశారంటే చచ్చేదాకా మరిచిపోరు. వాడు రెండోసారి వస్తే గుమ్మంలోనే పని ముగించేస్తారు.

మన ఒంట్లో జరిగేదీ ఇంతే. మా కాలేజీలో జువాలజీ చెప్పిన అనంతశయనం గారు చాక్‌పీసుతో తన రొమ్ము మీద తట్టుకుని, "ఈ ఎముక వెనక ఒక బడి ఉందిరా. రోగాల్ని తరిమే ఒంటి కావలివాళ్ళు చదువుకునేది అక్కడే. నూటికి తొంభై అయిదు మంది తప్పుతారు. అందుకే మీరింకా బతికున్నారు" అనేవారు. మా క్లాసు ఫలితాలూ అలాగే ఉండేవి కనక మేం నవ్వుకునేవాళ్ళం. ఆయన నల్లకోటు మీద సుద్ద మచ్చ మాత్రం సాయంత్రం దాకా ఉండేది. ఇంతకీ ఆ బడి వయసుతోపాటు కుంచించుకుపోతుందట. నాది ఏనాడో మూతపడి ఉంటుంది. సరే, అడవికి వద్దాం.

ఆ అడవిలోనూ ఒక బడి ఉండేది. దానికి హెడ్మాస్టరు తాబేలు కూర్మయ్య. ఏ జంతువు పిల్లయినా చేరొచ్చు. పరీక్షలు మాత్రం రెండు.

మొదటి పరీక్షలో తోడేలు తోలు, పెద్దపులి వెంట్రుక, కొండచిలువ కుబుసం తెచ్చి ముందు పడేసేవాడు. చూసి కూడా చెవి కదపనివాడు తప్పినట్టు.

రెండో పరీక్షలో అడవిలో ఉన్నవాళ్ళందరూ బడి ముందు నుంచి నడిచి వెళ్ళేవారు. దుప్పులు, నెమళ్ళు, ముళ్ళపందులు, ఉడుతలు, ఆఖరికి చెదపురుగులు కూడా. వాళ్ళలో ఏ ఒక్కరి మీద గుర్రుమన్నా సరే, ఆ పిల్ల బడి వదిలి ఇంటికి పోవలసిందే. రెండో అవకాశం లేదు. బతిమాలుకుంటే వినడానికి తాబేలుకి చెవులు బయటికి కనిపించవు కూడా.

ఆ ఏడు అడవిపంది పోట్లయ్య కొడుకు కోరయ్య మొదటి పరీక్షలో అందరికంటే ముందున్నాడు. తోడేలు తోలుని చీలికలు చేశాడు. రెండో పరీక్షలో ఉడుత సూరమ్మ తోక ఊపుకుంటూ పోతుంటే ఆమె మీదికి దూకాడు.

"బలం ఉంది నాయనా. ఎవరి మీద చూపాలో తెలీలేదు. ఇంటికెళ్ళి దుంపలు తవ్వుకో" అన్నాడు కూర్మయ్య.

మా రోజుల్లో అయితే తప్పిన చదువుకీ మర్యాద ఉండేది. ఇంటి ముందు బి.ఏ. ఫెయిలు అని బోర్డు పెట్టుకున్నవాళ్ళని నేనెరుగుదును. పోట్లయ్య మాత్రం మారిన కాలపు తండ్రి. నేరుగా అడవి సభకి వెళ్ళాడు.

సభకి అధ్యక్షుడు అడవిదున్న. చాలా పెద్దమనిషి. ఈగలు వాలినప్పుడల్లా తల ఊపేవాడు. దాన్ని ఆమోదంగా లెక్కవెయ్యడం కార్యదర్శి నక్క అలవాటు. ఆ అడవిలో చట్టాలన్నీ అలా వచ్చినవే. ఎండాకాలంలో ఎక్కువ వచ్చేవి.

"అధ్యక్షా, మావాడు ఒక్క తోపుతో టేకు మొక్కని వేళ్ళతో సహా లేపుతాడు. అలాంటివాణ్ణి దుంపలు తవ్వుకోమంటాడా ఈ ముసలాయన" అన్నాడు పోట్లయ్య.

"దుంపలు తవ్వడం నామోషీ ఏం కాదు పోట్లయ్యా. నువ్వు తవ్వే బతికావు" అన్నాడు కూర్మయ్య.

"నేను తవ్వాను కాబట్టే మావాడు తవ్వకూడదు."

ఈ మాటకి సభలో సగంమంది తండ్రుల కళ్ళు చెమర్చాయి.

"మీవాడు నా మీదికి దూకాడు కదయ్యా" అంది ఉడుత సూరమ్మ కొమ్మ మీంచి.

"పరీక్ష కంగారు సూరమ్మక్కా. ఎవరికుండదు చెప్పు. పట్టించుకోకు."

"పట్టించుకోకపోతే ఆ పూట పోయుండేదాన్ని."

నెమలి ఒకావిడ లేచి రెక్కలు సర్దుకుంది. "పక్క అడవిలో ప్రతి పిల్లా పాసేనట. మన బడిలో ఏడాదికి గుప్పెడుమంది. బంధువుల్లో తలెత్తుకోలేకపోతున్నాం."

"పక్క అడవి నుంచి ఈ మధ్య ఎవరైనా వచ్చారా తల్లీ" అని అడిగాడు కూర్మయ్య.

"లేదు."

"ఎందుకంటావు?"

"వాళ్ళకి అక్కడ బాగుండి ఉంటుంది" అంది నెమలి.

కూర్మయ్య మెడ కొంచెం బయటికి చాచాడు. "మొదటి పరీక్షలో తప్పినవాడు ఎవరికీ పనికిరాడు. రెండోదాంట్లో తప్పినవాడు పనికొస్తాడు, శత్రువుకి. నా మాట వినండి."

అప్పుడు నక్క గొంతు సవరించుకుంది. నక్కలు ఎప్పుడూ ఎవరి పక్షమూ ఉండవు, మధ్యేమార్గం చెబుతాయి. "రెండో పరీక్ష తీసెయ్యమని ఎవరూ అనడం లేదు మాస్టారూ. అది మన సంప్రదాయం. ఉంచుదాం. కాకపోతే ఇంట్లో పెడదాం. మావాడు సొంతవాళ్ళని పొడవడని తండ్రి సభలో చెబితే చాలు. కన్నవాడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

అధ్యక్షుడి ముక్కు మీద ఈగ వాలింది. తీర్మానం ఆమోదం పొందింది.

పోట్లయ్య అక్కడికక్కడే లేచి, "మా కోరయ్య సొంతవాళ్ళని పొడవడు" అని చెప్పాడు. మిగతా తండ్రులూ చెప్పారు. తేలు కూడా చెప్పింది.

ఆ ఏడు బడిలో అందరూ పాసయ్యారు. దారి కూడలిలో టేకాకుల తోరణాలు కట్టి, వాటి మీద పిల్లల మొహాలు గోళ్ళతో గీయించి, "మనదే ఒకటి, ఒకటి, ఒకటి" అని చిలకల చేత అరిపించారు. కోరయ్య మెడలో కావలివాడి మోదుగపట్టీ వేశారు. పోట్లయ్య వాణ్ణి వెంటబెట్టుకుని, దగ్గరి దారి ఉండగా చుట్టుదారిన ఇంటికి తీసుకెళ్ళాడు. ఇంట్లో భార్య బురదమ్మ కడుపుతో ఉంది. "పుట్టబోయేవాళ్ళకి ఇంక బెంగలేదే. అన్న కావలివాడు" అన్నాడు ఆవిడతో.

కొన్నాళ్ళకి ముళ్ళకంప ఒకచోట చివికి, ఆ సందులోంచి దుమ్ములగొండి ఒకటి దూరింది. చీమలు కుట్టాయి గాని దాని తోలు మందం. కావలివాళ్ళు దిగారు. నిజం చెప్పాలి, కోరయ్య బాగా పోరాడాడు. అది కుంటుకుంటూ పారిపోయేదాకా వదలలేదు.

పాత కావలివాళ్ళు దాని గుర్తులన్నీ మనసులో పెట్టుకున్నారు. వాలుగా ఉండే వీపు, వెకిలి నవ్వులాంటి కూత, కుళ్ళిన మాంసం కంపు, ఒంటి మీద చారలు. ఇవన్నీ ఒకేచోట కలిస్తేనే దుమ్ములగొండి. కోరయ్య చారలు ఒక్కటే గుర్తుపెట్టుకున్నాడు. మిగతావి ఎక్కువనిపించాయి.

ఎండలు ముదిరి ఇప్పపూలు రాలడం మొదలైంది. ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పాలి. ఇప్పతోపులోకి ఎవరికివారు వెళ్ళకూడదు. ఒకప్పుడు అలా వెళ్ళి తొక్కిసలాటలో చాలామంది పోయారు. అప్పటినుంచి ఉడుతలే పూలు ఏరి, ఇంటింటికీ తిరిగి, తలుపు తట్టి ఇచ్చి వెళతాయి. ఎండాకాలమంతా అడవి బతికేది ఆ తీపి మీదే.

తోపు దగ్గర కాపలా కోరయ్య దళానిది.

"ఆగు. ఏంటా చారలు" అన్నాడు కోరయ్య.

"పుట్టినప్పటినుంచీ ఉన్నవే బాబూ. నేను సూరమ్మని. మీ ఇంటికి పూలు తెచ్చేది నేనే కదా."

"అంటే మా ఇల్లు చూసిపెట్టుకున్నావన్నమాట."

"చూడకుండా ఎలా తేను నాయనా. నువ్వు పాలు తాగేనాటినుంచీ వస్తున్నా."

"అప్పటినుంచీ కాచుకుని ఉన్నావా?"

ఇలాంటివాడితో మాట్లాడితే ప్రతి జవాబూ ఒక నేరమవుతుంది. సూరమ్మ తోక తెగి ఎలాగో చెట్టెక్కింది. ఆమె చెల్లెళ్ళు ఎక్కలేకపోయారు. రెండు వారాలు తిరక్కుండా తోపులో ఉడుతల అలికిడి ఆగిపోయింది.

చెట్లు మాత్రం పూలు రాల్చడం ఆపలేదు. నేలంతా మోకాలి లోతున పరుచుకుని పులుస్తోంది. తీపి వాసన అడవంతా కమ్ముకుంది. ఇళ్ళల్లో ఆకలి. ఆగలేక తోపు వైపు వెళ్ళినవాళ్ళని కోరయ్య దళం చారలున్నాయేమో అని తిప్పి తిప్పి చూసేది. బక్కచిక్కి పక్కటెముకలు తేలిన దుప్పి ఒకటి దొరికింది. ఆ ఎముకలు కూడా చారల్లాగే కనబడ్డాయి వాళ్ళకి.

సభ పెట్టారు. నక్క, "శత్రువులు లోపలే ఉన్నారని తేలిపోయింది. లేకపోతే మనవాళ్ళకి ఇంతమంది ఎలా దొరుకుతారు? కోరయ్యకి సన్మానం చెయ్యాలి" అంది.

"బలపరుస్తున్నాను" అన్నాడు పోట్లయ్య. కడుపు వెన్నుకి అంటుకుపోయి ఉంది. ఛాతీ మాత్రం ఉబ్బే ఉంది. ఈగలకి తిండి దొరుకుతూనే ఉంది కనక అధ్యక్షుడు తల ఊపాడు.

ఆ పొద్దున్నే బురదమ్మ ఈనింది. సభ ముగించుకుని ఇంటికొచ్చిన పోట్లయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. దోసకాయంత పిల్లలు, తల్లి పొట్టకి వరసగా అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కదాని వీపు మీద లేత పసుపు చారలు.

అడవిపంది పిల్లలు చారలతోనే పుడతాయి. పెద్దవుతుంటే పోతాయి. పోట్లయ్యకి తెలియక కాదు. కొడుకు గొప్పలో పడి మరిచిపోయాడు.

"ఏంటలా చూస్తున్నావు? నీ పోలికే" అంది బురదమ్మ.

పోట్లయ్య ముట్టెతో బురద తెచ్చి పిల్లల వీపులకి పులమడం మొదలుపెట్టాడు. అతను పులుముతుంటే ఆవిడ నాకేస్తోంది.

"నాకకే."

"పుట్టిన పిల్లల్ని నాకొద్దా? మతి పోయిందా నీకు?"

ఇంతలో మోదుగపట్టీ వేసుకుని కోరయ్య రానే వచ్చాడు. సన్మానం సంగతి చెబుదామని వచ్చినవాడు కాస్తా గుమ్మంలో బిగుసుకున్నాడు.

"నాన్నా, పక్కకి జరుగు."

"నీ తమ్ముళ్ళురా."

"డ్యూటీలో ఉన్నాను. డ్యూటీలో తమ్ముళ్ళుండరు."

"నీకూ ఉండేవిరా చారలు. నిరుడు దాకా."

"పట్టుబడ్డవాళ్ళందరూ ఏదో ఒకటి అంటారు నాన్నా."

"నీ గురించి సభలో చెప్పింది నేను కదరా. సొంతవాళ్ళని పొడవవని."

"నువ్వే చెప్పావు. నీ మాట అబద్ధం కాదు కదా. నేను పొడవబోతున్నానంటే వీళ్ళు సొంతవాళ్ళు కాదనే."

పోట్లయ్య తల వంచి కొడుక్కి ఎదురు నిలబడ్డాడు. మొదటి పోటు భుజంలో దిగింది. కొడుకు బలం గురించి సభలో తను చెప్పినదంతా నిజమేనని అప్పుడు తెలిసింది. గెలవలేనని గ్రహించి, పిల్లల్ని వదిలి తన వెంట పడేలా కొడుకు ముట్టె మీద ఒక్క కాటు వేసి, ఇప్పతోపు వైపు పరుగు తీశాడు. కోరయ్య వెంటపడ్డాడు. పులిసిన పూలకుప్ప అంచుదాకా వెళ్ళి పోట్లయ్య చటుక్కున పక్కకి తప్పుకున్నాడు. కొడుకు వేగం ఆపుకోలేక తలకిందులుగా కుప్పలో పడ్డాడు. అడవిని ఆకలికి మాడ్చినవాడు తనూ ఆకలితోనే ఉన్నాడు. నోటినిండా పూలు రాగానే నమిలాడు. నములుతూ నములుతూ ఆ కైపులో గురక పెట్టాడు.

పోట్లయ్య కుంటుకుంటూ కూర్మయ్య దగ్గరికి వెళ్ళాడు. "మాస్టారూ, వాణ్ణి మళ్ళీ బళ్ళో వేసుకోండి."

"బడి గడప దాటినవాడికి మళ్ళీ చదువు ఎక్కదు నాయనా. లేస్తే పొడుస్తాడు. పులిసిన పూలు పెట్టి లేవకుండా చూసుకోవడమే. కానీ ఆ వాసనకి వాడొక్కడే నిద్రపోడు. మంచి కావలివాళ్ళు కూడా అక్కడే చేరి తూగుతారు. అదొక్కటి గుర్తుంచుకో."

అలాగే జరిగింది. రోజూ పోట్లయ్య ముట్టెతో పులిసిన పూలు తోసుకెళ్ళి కొడుకు దళం మొత్తానికీ పెట్టేవాడు. అడవి కాస్త ఊపిరి పీల్చుకుంది. తెగిన తోకతో సూరమ్మ కిందికి దిగి, మిగిలిన ఒకరిద్దరితో కలిసి పూలు మొయ్యసాగింది. ఇదివరకులా అన్ని గుమ్మాలకీ అందవు. కొన్ని ఇళ్ళు పస్తే. బడిలో రెండో పరీక్ష మళ్ళీ పెట్టారు. పెట్టినందుకు సభకి అభినందన తీర్మానం కూడా చేసుకున్నారు.

కావలివాళ్ళు నిద్రలో ఉండగా కంపలో సందు అలాగే ఉంది. పగలు పూలు మోసి, ఆపైన పోట్లయ్యే వెళ్ళి సందుకి అడ్డంగా నిలబడేవాడు. ఇంట్లో పిల్లల చారలు పోయేదాకా తను బతికుంటే చాలనుకునేవాడు.

ఒకరోజు నక్క అటుగా వచ్చింది. "ఏమయ్యా, ఏ అర్హతతో నిలబడ్డావిక్కడ? నువ్వు బడికే వెళ్ళలేదు కదా."

పోట్లయ్య మానని భుజం అటు తిప్పి చూపించాడు.

"రెండో పరీక్ష మా ఇంట్లోనే పెట్టారు కదండీ" అన్నాడు.

నీతి: పరీక్ష తప్పిన కొడుకు ఇంటికి వస్తాడు; తప్పకుండా పాసు చేయించిన కొడుకు ఇంటి మీదికి వస్తాడు.